కార్తీకంలో మాంసకృత్తులు

2018 దసరాల ముందు నన్ను మా ట్రస్టు ఆసుపత్రిలో కాలిన గాయాల వార్డు డ్యూటీకి వేశారు. ఆసుపత్రి రాజమండ్రిలో. అప్పటిదాకా షుగరు, కిడ్నీ రోగుల వార్డులు చూసేదాన్ని. నా హోదా సీనియర్ డైటీషియన్. వినడానికి బాగానే ఉంటుంది గానీ, ఆసుపత్రి వరుసలో మా స్థానం డాక్టర్లకు కింద, వంటవాళ్లకు పైన. రోగి కోలుకుంటే డాక్టరు గారి హస్తవాసి మంచిది, కోలుకోకపోతే ఆసుపత్రి తిండి బాగోలేదు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఈ న్యాయానికి నేను అలవాటు పడలేదు. నాకు కోపం కాస్త తొందరగానే వస్తుంది.

కాలిన ఒంటికి తిండి మందుతో సమానం. చర్మం పోయిన చోటు నుంచి ఒంట్లోని మాంసకృత్తులు, అదే అందరూ ప్రోటీన్లు అంటారే, అవి రోజంతా ఊటలా కారిపోతూనే ఉంటాయి. పోయినదాన్ని నోటి ద్వారా తిరిగి ఇవ్వకపోతే పుండు పూడదు, తొడ మీంచి చర్మం తీసి అతికించినా పట్టదు. అందుకని సర్జన్లు ముందు రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీను ఎంతుందో చూస్తారు. మా ప్లాస్టిక్ సర్జన్ డాక్టర్ రాజు గారి లెక్క మూడు. మూడు దాటితే థియేటరు, దాటకపోతే మంచం. ఆ విషయంలో ఆయన ఎవరి మాటా వినేవారు కాదు.

వార్డులో చేరగానే నేను చేసిన మొదటి పని మంచాల దగ్గర వేలాడే ఇంగ్లీషు కార్డులు తీయించి తెలుగువి పెట్టించడం. ఏ రోగికి ఏ భోజనమో తెలిపే కార్డులవి. రోగి తన మంచం మీద రాసింది తాను చదువుకోగలగాలని నా పట్టుదల. చిన్న అట్ట కాబట్టి ప్రింటరు మాటల్ని రెండు వరుసల్లో సర్దాడు. అది చూసి నేను సరేనన్నాను. దీని సంగతి తర్వాత వస్తుంది.

ఆ దసరాకే నూకరత్నం మా వార్డుకు వచ్చింది. ధవళేశ్వరం దగ్గర గోదావరిలో చేపలు పట్టే కుటుంబం. భర్త వల వేస్తాడు, ఈమె బుట్ట నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగి అమ్ముతుంది. పండగ నాడు గారెలు వండుతుంటే నూనె మూకుడు తిరగబడింది. కుడి కాలు తొడ మధ్య నుంచి మోకాలి కింద దాకా చుట్టూ కాలింది. మోకాలి దగ్గర పుండుకు ఒక చెడ్డ గుణం ఉంది. సకాలంలో కొత్త చర్మం వేయకపోతే అది ముడుచుకుపోయి మానుతుంది, కాలు వంగినది వంగినట్టే ఉండిపోతుంది. ఈ మాట ఆమెకు ఎవరో చెప్పినట్టున్నారు. నేను రౌండుకు వెళ్లినప్పుడల్లా ఒక్కటే అడిగేది.

"కాలు సాపగలనాండి?"

తింటే చాపగలవమ్మా అనేదాన్ని. తినేది కూడా. పొద్దున గుడ్లు, మధ్యాహ్నం వాళ్ల అత్తగారు సూరమ్మ గారు ఇంటి నుంచి తెచ్చే చేపల కూర. పాలు ఆమెకు పడేవి కావు, తాగితే విరేచనాలు. పాల సంగతి వదిలేశాం. మిగతాదంతా సవ్యంగా నడుస్తోంది, పుండు ఎర్రగా పైకి వస్తోంది. దీపావళి వెళ్లాక ఆపరేషన్ అనుకున్నాం.

దీపావళి మర్నాడు గుడ్లు ట్రేలోనే వెనక్కి వచ్చాయి.

కార్తీకం వచ్చిందని అప్పుడు గుర్తొచ్చింది నాకు. మా గోదావరి వైపు చేపలు పట్టేవాళ్లు కూడా ఆ నెలలో చాలామంది నీచు ముట్టరు. నీచు అంటే మాంసం, చేప, గుడ్డు అన్నీ కలిపి ఒకే మాట. పడతారు, అమ్ముతారు, ఇంట్లో పొయ్యి మీదకు మాత్రం రానివ్వరు. నూకరత్నానిది ఇంకా గట్టి పట్టు. నూనె పడ్డ రోజే శివుడికి మొక్కుకుంది, బతికి బట్టకడితే ఈ కార్తీకం పోలి పాడ్యమి దాకా నిష్ఠగా చేస్తానని. అమావాస్య వెళ్లిన మర్నాడు తెల్లవారుజామున గోదావరిలో అరటి దొప్పల్లో దీపాలు వదిలితే గానీ ఆ నెల ముగియదు. మొక్కు మానమని నేను అడగలేదు. అడిగితే పాపం నాది, ఫలితం సున్నా.

వారం తిరిగేసరికి ఆల్బుమిన్ రెండున్నరకు దిగింది. పుండు పాలిపోయింది. ఇలాంటప్పుడు మేము చేసే మొదటి పనిని ఇరవై నాలుగు గంటల రీకాల్ అంటాం. నిన్న ఈ వేళ నుంచి ఇప్పటిదాకా నోట్లోకి ఏం వెళ్లిందో ఒక్కొక్కటే గుర్తు చేయించి అడగడం. డైట్ షీట్‌లో ఏముందో దానితో పని లేదు, మింగింది ఏమిటన్నదే కావాలి. నూకరత్నం చెప్పింది విని నాకు విషయం బోధపడింది. రెండు పూటలా పనసపొట్టు కూర. గిన్నెడేసి. పప్పు తగ్గించేసింది, ఎందుకంటే పొట్టు కూరతోనే కడుపు నిండిపోతోంది.

సూరమ్మ గారు గర్వంగా అందుకున్నారు. కాయలు అప్పుడప్పుడే మొదలవుతున్నాయట, కొడుకుని అంబాజీపేట దాకా పంపించి లేత కాయలు వెతికించి, కొట్టించి తెస్తున్నారట. "నీసు లేని లోటు పిల్లకి తెలీకూడదని అమ్మగారూ. రాజు గారు కూడా సెప్పేరు, ఇది మాంసంతో సమానవని."

ఆయన నిజంగానే అన్నారు. భీమవరం మనిషి, ఆవ పెట్టిన పనసపొట్టు అంటే ప్రాణం. రౌండులో ఆ గిన్నె వాసన చూసి సరదాకి అన్న మాట అది. సర్జన్ సరదాకి అన్నా రోగి ఇంటివాళ్లకు అది మందుచీటీయే.

పనసపొట్టు మీద నాకేమీ పగ లేదు. మా నిడదవోలులో పెళ్లి భోజనాల్లో రెండోసారి అడిగి వేయించుకున్న కూర అది. పీచు బాగా ఉంటుంది, పొటాషియం ఉంటుంది, కడుపు నింపుతుంది. నమిలితే మాంసంలాగే పీచు పీచుగా వస్తుంది కూడా. అయితే ఆ పోలిక పళ్లకే గానీ పుండుకు తెలీదు. ఉడికిన పొట్టులో మాంసకృత్తులు నామమాత్రం. ఒక్క గుడ్డుకు సరిపడా రావాలంటే పెద్ద గిన్నెడు తినాలి, రెండు గుడ్లకైతే బేసినెడు. తక్కిన కూరగాయల కథ కూడా ఇంచుమించు ఇదే. బచ్చలి, వంకాయ, బీర, సొర, వేటి గుణం వాటిది, పుండుకు కావలసిన విటమిన్లు వాటిలోనే ఉన్నాయి. కానీ గోడ కట్టడానికి సున్నం ఎంత తెచ్చినా ఇటుకలు లేకపోతే గోడ లేవదు కదా.

ఈ మాటే రాజు గారికి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన అలా చేస్తే ఇరుకున పడ్డారని అర్థం.

"ఏంటండీ లలిత గారూ, పొట్టు కూర మీద కూడా కేసు పెడతారా? సరే, రెండు వారాలు టైమిస్తాను. అప్పటికీ మూడు దాటకపోతే ముక్కులోంచి గొట్టం వేసి పౌడరు పోయిస్తాను. ఆ పాల పౌడరుతో విరేచనాలు పట్టుకుంటే ఆపరేషన్ లేదు. ఆ మోకాలు అంతకన్నా ఆగదు."

గొట్టం మాట నూకరత్నం చెవిన పడింది. ఆ రోజు ఆమె నన్ను కాలి సంగతి అడగలేదు, గోడ వైపు తిరిగి పడుకుంది.

పప్పు పెంచొచ్చు, కానీ మంచం మీది మనిషి ఎంత పప్పని తింటుంది? అందుకని మీల్ మేకర్ ఎంచుకున్నాను. సోయా చిక్కుడు గింజల నుంచి తీసేది. గుప్పెడు పొడి మీల్ మేకర్‌లో రెండు గుడ్లకు పైనే మాంసకృత్తులు ఉంటాయి. మాంసానికి బదులుగా అమ్మే వాటిలో నిజంగా బదులు తీర్చేది అదే, అందులోనూ చవక. రాజు గారు ప్యాకెట్ తిప్పి చూసి, ఇందులో సగం ప్రోటీనే అని రాసుంది, గిన్నెడు కూర పెడితే రోజు గడిచిపోతుంది కదా అన్నారు. చాలామంది చేసే పొరపాటే ఆయనా చేశారు. ప్యాకెట్ మీది అంకె పొడి సరుకుది. నానబెడితే అది తన బరువుకు రెట్టింపు నీళ్లు తాగుతుంది. అందుచేత కంచంలోకి వచ్చేసరికి అంకె మూడో వంతుకు పడిపోతుంది. వండినదాన్ని వండినదానితోనే తూచాలి. అలా తూచినా, ఉడికిన మీల్ మేకర్ ముందు ఉడికిన పనసపొట్టు ఏ మాత్రం ఆనదు. ఎన్నిసార్లు తూచుకున్నా జవాబు అదే.

అంతా లెక్క ప్రకారమే ఉంది. వంట మాస్టారు సత్తిబాబుకు పొడి సరుకు తూచి ఇచ్చాను. చక్కగా వండమని చెప్పాను. పొరపాటు అక్కడ జరిగింది. సత్తిబాబు దృష్టిలో చక్కగా వండడం అంటే మాంసంలా వండడమే. అల్లం వెల్లుల్లి ముద్ద, లవంగాలు, దాల్చిన చెక్క, ధనియాలు వేయించి, నూనె పైకి తేలేదాకా మగ్గించాడు. ట్రాలీ ఇంకా వరండాలో ఉండగానే వాసన వార్డులోకి వచ్చేసింది. కార్తీకం చేస్తున్న ఇంకో ఇద్దరు రోగులు కూడా లేచి కూర్చున్నారు.

నూకరత్నం గిన్నెలోకి చూసి ముక్కు మూసుకుంది. సూరమ్మ గారు నా ముందుకు వచ్చి నిలబడ్డారు. గొంతు పెంచలేదు గానీ ఆ చూపు చాలు.

"కార్తీకంలో నీసు పెట్టేరేంటండి?"

ఇది నీచు కాదమ్మా, గింజల నుంచి చేసింది, కాకపోతే ఇందులో మాంసకృత్తులు ఎక్కువ అన్నాను. అనేశాక గానీ నాకు తెలియలేదు. నేను 'కృత్తులు' దాకా వెళ్లేలోపే ఆవిడ 'మాంసం' దగ్గర ఆగిపోయారు. నూకరత్నం అయిదో తరగతి దాకా చదువుకుంది. మంచం దగ్గర వేలాడే అట్ట వైపు చెయ్యి చూపించింది.

"మీరే రాసేరు కదండీ, సూడండి."

చూశాను. ప్రింటరు సర్దిన రెండు వరుసల్లో పై వరుస 'అధిక మాంస' అని ఉంది. కింది వరుస 'కృత్తుల ఆహారం'. కృత్తులు అంటే ఏమిటో వార్డులో ఎవరికీ తెలీదు, మాంసం అంటే ఏమిటో అందరికీ తెలుసు. తెలుగులో రాయిద్దామని పట్టుబట్టింది నేనే. మంచి పనికి పోతే మొట్టికాయ పడ్డట్టయింది.

కూర మొత్తం వెనక్కి వెళ్లింది. ఈ సంగతి మధ్యాహ్నానికల్లా రాజు గారికి చేరింది. ఆయన నవ్వకుండా ఉండడానికి చాలా ప్రయత్నించారు గానీ కుదరలేదు. నాకు ఒళ్లు మండింది. గొట్టం వేయనివ్వనని మనసులో అనుకున్నాను, ఆయనతో పైకి కూడా అన్నాను.

మర్నాడు వంటశాల సూపర్‌వైజరు అనుమతి తీసుకుని, సూరమ్మ గారికి తలకు టోపీ పెట్టించి లోపలికి తీసుకెళ్లాను. బయటివాళ్లను లోపలికి రానివ్వకూడదన్నది నిబంధన, దాన్ని ఆ ఒక్క రోజుకు సడలించారు. బల్ల మీద గుప్పెడు సోయా గింజలు, గుప్పెడు పొడి మీల్ మేకర్ పెట్టాను. ఈ గింజల నుంచి నూనె తీసేస్తారు, మిగిలిన పిండిని మరలో ఒత్తి ఈ ఉండలు చేస్తారు అని చెప్పాను. ఆవిడ నమ్మినట్టు కనిపించలేదు.

అప్పుడు అడిగాను, నువ్వులు గానుగాడితే నూనె పోగా మిగిలేదాన్ని ఏమంటారని.

"తెలగపిండండి."

"కూర వండి ఎవరికి పెడతారు?"

"బాలింతలకండి. పచ్చి ఒంటికి బలం, పాలు పడతాయని."

ఇది సోయా తెలగపిండి, మీ కోడలిది పచ్చి పుండు, అన్నాను.

ఆవిడ ఒక పొడి ముక్క తీసి నోట్లో వేసుకుని చాలాసేపు నమిలారు. ఇంకోటి విరిచి వాసన చూశారు. పిండి కంపే అన్నారు. తర్వాత ఇంకో ప్రశ్న అడిగారు.

"మరి పిండైతే నీసులాగా ఎందుకు సేసేరండి?"

నీచు మానేసినవాళ్లకు దాని మీద బెంగ తీరాలని అన్నాను. "మా పిల్లకి బెంగ లేదండి, మొక్కుంది" అన్నారు. నిజమే కదా. పుండుకు మాంసకృత్తులు కావాలి, మాంసం వేషంతో దానికి పనేముంది? ఆ వేషం తీసేస్తే సరిపోతుంది. తీసేసి, ఆ ఇంట్లో రెండు పూటలా ఇష్టంగా తింటున్న కూర వేషమే దానికి వేద్దామనిపించింది.

సత్తిబాబును పిలిచి చెప్పాను. మీల్ మేకర్‌ను ఉప్పునీళ్లలో ఉడికించాలి, చన్నీళ్లలో రెండుసార్లు పిండాలి, అప్పుడు సోయా వాసన పోతుంది. తర్వాత రోట్లో కచ్చాపచ్చాగా దంచాలి, పొట్టులా విడిపోయేదాకా. మూడు వంతులు ఆ పొట్టు, ఒక వంతు అసలు పనసపొట్టు. చింతపండు పులుసు, పసుపు, మినప్పప్పు, శనగపప్పు, ఎండుమిరపకాయలు, ఇంగువ, కరివేపాకు తాలింపు. దించి చల్లారాక నూరిన ఆవ కలపాలి. వెల్లుల్లి గడపలోకి కూడా రాకూడదు.

"ఆయ్, ముందే ఈ మాట సెప్తే నిన్న అంత మసాలా తగలేసేవోణ్ణి కాదు గదండీ" అన్నాడు సత్తిబాబు. నిన్నటి పరాభవంలో అతనికీ వాటా ఉంది మరి. ఆ రోజు రోకలి చేతపట్టి తనే దంచాడు, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

దాచిపెట్టి పెట్టడానికి నేను ఒప్పుకోలేదు. రోగికి తెలియకుండా పెట్టిన తిండి ఒక్క పూటే పనిచేస్తుంది, తెలిసిన రోజున మొత్తం నమ్మకం పోతుంది. నూకరత్నానికి ఏం కలిపామో మొత్తం చెప్పాం. నేను చెప్పిందానికన్నా, "తెలగపిండి లాంటిదే, నేను నమిలి సూసేను, తిను" అని సూరమ్మ గారు అన్నదే పనిచేసింది. నూకరత్నం ఒక ముద్ద తిని, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే ముక్కు రుద్దుకుంది. ఏమైందోనని నేను కంగారు పడ్డాను. ఆవ ఘాటట. రెండో ముద్దకు గిన్నె దగ్గరకు లాక్కుంది.

అప్పటి నుంచి రెండు పూటలా వడ్డించే ముందు తూచాను, కంచం వెనక్కి వచ్చాక మిగిలింది తూచాను. మా వృత్తిలో తీసివేత లెక్కే అసలు లెక్క. రెండో రోజు నుంచి మిగిలేది కరివేపాకు, ఎండుమిరపకాయలు మాత్రమే. పక్క మంచాల కార్తీకం వాళ్లు కూడా అదే కూర అడిగారు. సోయాలో ఉండే ఇనుము ఒంటికి పట్టాలని నిమ్మచెక్క కూడా ఇచ్చేవాళ్లం. రాజు గారు రోజూ వచ్చి, మీల్ మేకర్ ఏమంటోందండీ అని అడిగేవారు. నేను పుండు చూడమనేదాన్ని. అది రోజురోజుకూ ఎరుపు తేరుతోంది, ఆయనకూ కనిపిస్తోంది.

ఆయన ఇచ్చిన గడువు నాటికి ఆల్బుమిన్ మూడు పాయింట్ ఒకటి. మూడు దాటింది. ల్యాబు కాగితం నేనే పట్టుకెళ్లి థియేటరు బయట ఆయన చేతిలో పెట్టాను. అలాంటి కాగితాలు పట్టుకెళ్లడం నా పని కాదు. అయినా వెళ్లాను, చెప్పులు టకటకలాడించుకుంటూ మరీ వెళ్లాను. ఆయన చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "సరే అండీ, మీ తెలగపిండి గెలిచింది" అన్నారు. ఆ వారంలోనే చర్మం అతికించారు.

కట్టు విప్పింది పోలి పాడ్యమి పొద్దున. సూరమ్మ గారు కోడలి తరఫున తెల్లవారకుండానే గోదావరిలో దీపాలు వదిలి, తడి జుట్టుతోనే వచ్చి వార్డు గుమ్మంలో నిలబడ్డారు. కట్టు చివరి వరుసను రాజు గారు సెలైన్‌తో తడిపి మెల్లగా తీశారు. చర్మం గులాబీ రంగులో, అంచుల దాకా అతుక్కుని ఉంది. ఒక్క మూల కూడా లేవలేదు. ఆయన వేలితో నొక్కి చూసి, పట్టింది అన్నారు. నాకు గట్టిగా అరవాలనిపించింది, వార్డు కాబట్టి ఊరుకున్నాను. తర్వాత కొన్నాళ్లకు ఫిజియోథెరపీ అమ్మాయి భుజం పట్టుకుని నూకరత్నం వరండాలో నడిచింది. చివరిదాకా వెళ్లి, బెంచీ మీద కూర్చుని, కుడి కాలు ముందుకు పెట్టి, మెల్లగా, నిటారుగా చాపింది. అప్పుడు నా వైపు చూసింది.

డిశ్చార్జి రోజున సూరమ్మ గారు చేపల పులుసు తెచ్చారు, నాకూ ఒక గిన్నె. కార్తీకం అయిపోయింది కాబట్టి అభ్యంతరం లేదన్నారు. రాజు గారికి మాత్రం పనసపొట్టు తెచ్చారు, "ఇది ఉట్టి పొట్టేనండి, ఇందులో బలం లేదు" అని చెప్పి మరీ ఇచ్చారు. ఆయన ఆ మాట నిలబడి విన్నారు.

మరుసటి వారం కార్డులన్నీ తీయించి కొత్తవి కొట్టించాను. మాంసకృత్తుల మాట తీసేసి, ఒకే వరుసలో 'పుండు మాన్పే భోజనం' అని రాయించాను. డైట్ మాన్యువల్‌లో ఆవ పెట్టిన సోయా పొట్టు కూరకు కొలతలతో సహా చోటు దొరికింది, అనుమతి సంతకం రాజు గారిది. నేను రిటైరయ్యేదాకా ఏటా కార్తీకంలో అది వార్డులో వడ్డించారు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇదే. ఒక పదార్థం ఇంకోదానిలా కనిపించినంత మాత్రాన దాని పని ఇది చేయదు, అందుకని వండినదాన్ని తూచి చూడండి. తూచాక, రోగి ఇంట్లో దాన్ని ఏమని పిలిస్తే తింటారో కనుక్కోండి. ఈ రెండోది ఏ పట్టికలోనూ ఉండదు, వాళ్లనే అడగాలి.